సీసా మీద లేబుల్‌ను వంచడం: కంట్రోల్ పాయింట్లు, హ్యాండిళ్లు నిజంగా చేసే పని

మీ ప్రశ్న సారాంశం ఇది. ఆవకాయ సీసా ఫొటో మీద లేబుల్ డిజైన్‌ను అతికించినట్టు చూపించాలి. ఫోటోషాప్‌లో వార్ప్ (బొమ్మను వంచే సాధనం) తెరిచి, 5×5 గడుల మెష్ (వల) పెట్టుకుని, ఒక్కొక్క పాయింటునూ లాగుతూ సీసా వంపుకు సరిపెట్టారు. అయినా అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, అడ్డగీతలు రెండు మూడు చోట్ల విరిగినట్టు కనిపిస్తున్నాయి, పైగా లేబుల్ సీసాను చుట్టుకున్నట్టు లేదు, సీసా ముందు నిలబెట్టిన అట్టలా ఉంది. హ్యాండిళ్లను, అంటే పాయింట్ల నుంచి బయటికి వచ్చి గీత వంపును నడిపే చిన్న పుల్లలను, ఎటు తిప్పితే ఇది సర్దుకుంటుందని అడిగారు.

ఎటు తిప్పాలి అన్నదానికంటే ఎంత పొడవు ఉంచాలి అన్నది ఇక్కడ ముఖ్యం. హ్యాండిల్ దిశ గీత వంపును నిర్ణయిస్తుందని అందరికీ తెలుసు. దాని పొడవు మాత్రం బొమ్మలోని ఏ భాగం ఎంత చోటులో సర్దుకోవాలో నిర్ణయిస్తుంది. అంచులను సీసా వంపుకు ఎంత చక్కగా కలిపినా, పొడవులను మొదట ఉన్నట్టే వదిలేస్తే లోపలి బొమ్మ సమంగా పరచుకుని ఉంటుంది. గుండ్రని వస్తువు మీద ఏదీ అలా సమంగా కనిపించదు కాబట్టి కన్ను దాన్ని అట్టగానే గుర్తిస్తుంది. ఇక ఎగుడుదిగుళ్లకూ విరుపులకూ కారణం పాయింట్లు అవసరానికి మించి ఉండడం. ఈ రెండు విషయాలనూ వివరంగా చెబుతాను. మీ లేబుల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను.

వార్ప్ తెరిచినప్పుడు, మెష్‌ను ఇంకా విభజించకముందు, మీ ముందు ఉండేది ఒకే ఒక బెజియర్ ప్యాచ్, అంటే కొన్ని పాయింట్లతో నునుపుగా వంగే నాలుగు అంచుల ముక్క. దాన్ని నడిపేవి 16 కంట్రోల్ పాయింట్లు: మూలల్లో నాలుగు, ఒక్కో అంచుకు రెండేసి చొప్పున ఎనిమిది హ్యాండిల్ కొసలు, లోపల మరో నాలుగు. వీటిలో ఉపరితలం కచ్చితంగా తాకేది నాలుగు మూలలను మాత్రమే. మిగిలిన పన్నెండూ ఉపరితలాన్ని తమవైపు లాగుతాయి తప్ప అది వాటిదాకా వెళ్లదు. అంచు మీద ఉన్న గీత మూల దగ్గర బయలుదేరేటప్పుడు సరిగ్గా హ్యాండిల్ చూపిన దిశలో బయలుదేరుతుంది, అసలు అంచు పొడవును ఒకటిగా లెక్కిస్తే బయలుదేరే వేగం హ్యాండిల్ పొడవుకు మూడు రెట్లు ఉంటుంది. ఇక్కడ వేగం అంటే, అసలు చిత్రంలో ఒక అంగుళం జరిగితే వంచిన చిత్రంలో ఎంత జరుగుతుందన్న నిష్పత్తి. అందుకే తిన్నని అంచు మీద హ్యాండిళ్లు రెండూ మూడో వంతు దూరాల్లో ఉన్నప్పుడు వేగం అంతటా ఒకటిగా ఉంటుంది, బొమ్మ సమంగా పరచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మొదట మీకు ఇచ్చేది ఆ అమరికే. హ్యాండిల్‌ను పొట్టిగా చేస్తే ఆ మూల దగ్గర బొమ్మ దగ్గరికి నొక్కుకుంటుంది, పొడవు చేస్తే సాగుతుంది. అంచు గీత తిన్నగానే ఉన్నా ఈ మార్పు జరుగుతుంది.

ఈ పద్ధతి కార్ల కర్మాగారాల్లో పుట్టిందని గుర్తుంచుకుంటే దాని స్వభావం బాగా అర్థమవుతుంది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లో ఈ గణితాన్ని రాసిపెట్టాడు. సంస్థ దాన్ని బయటికి రానివ్వలేదు. అదే కాలానికి రెనోలో పియర్ బెజియర్ తన దారిలో అక్కడికే చేరి ప్రచురించడంతో పేరు ఆయనది నిలిచింది. వారికి కావలసింది పెద్ద లోహపు రేకును అతి తక్కువ అంకెలతో, ఎక్కడా నొక్కు పడకుండా వర్ణించడం. పాయింట్లు తగ్గే కొద్దీ ఉపరితలం నునుపెక్కడం ఈ గణితంలోనే ఉంది. మీరు 5×5 మెష్ తెరిచినప్పుడు వదులుకున్నది ఆ గుణాన్నే.

ఇక సీసా దగ్గరికి వద్దాం. స్తూపాకారపు సీసాను ఎదురుగా చూస్తున్నప్పుడు, దాని మధ్య గీత నుంచి పక్కకు ఎన్ని డిగ్రీలు తిరిగితే, ఆ కోణపు సైన్ విలువను వ్యాసార్ధంతో గుణించినంత దూరంలో ఆ బిందువు కనిపిస్తుంది. మధ్య నుంచి మొదటి 30 డిగ్రీల కాగితం వ్యాసార్ధంలో సరిగ్గా సగం చోటు ఆక్రమిస్తుంది. తర్వాతి 30 డిగ్రీలకు 36.6 శాతం దక్కుతుంది. చివరి 30 డిగ్రీల కాగితమంతా, అంటే మొదటి దానితో సమానమైన వెడల్పు ఉన్న ముక్క, కేవలం 13.4 శాతంలో ఇరుక్కుంటుంది. లేబుల్ చుట్టుకున్నట్టు కనిపించడానికి కారణం ప్రధానంగా ఈ ఇరుకే. పై అంచు, కింది అంచు వంపు తిరగడం దాని తర్వాతిది. చాలామంది వంపు మీదే శ్రద్ధ పెట్టి ఈ ఇరుకును పట్టించుకోరు.

మీ లేబుల్ మధ్య నుంచి ఇరువైపులా 60 డిగ్రీల వరకూ, మొత్తం 120 డిగ్రీలు కనిపిస్తోందనుకుందాం.  అప్పుడు పై అంచు మీద రెండు హ్యాండిళ్ల కొసలూ లేబుల్ వెడల్పులో మూడో వంతు దగ్గర కాకుండా ఐదో వంతు దగ్గర ఉండాలి. కింది అంచు మీద కూడా అంతే. మూలల దగ్గర సైన్ వక్రానికి ఉండవలసిన వేగాన్ని లెక్కగట్టి మూడుతో భాగిస్తే వెడల్పులో 0.2015 వస్తుంది. దాన్ని ఐదో వంతు అనుకుంటే చాలు. ఈ ఒక్క మార్పుతో 30 డిగ్రీల దగ్గర ఉండవలసిన బిందువు వ్యాసార్ధంలో 0.5 దూరానికి బదులు 0.498 దగ్గర పడుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. అంటే 120 డిగ్రీల లేబుల్‌కు మెష్ విభజన అసలు అవసరం లేదు, ఒకే ఒక ప్యాచ్ సరిపోతుంది. వార్ప్‌లో హ్యాండిళ్ల స్థానాన్ని అంకెలతో ఇచ్చే సౌకర్యం లేదు కాబట్టి, వార్ప్ తెరవకముందే రూలర్ల నుంచి రెండు నిలువు గైడ్లు లాగి, వెడల్పులో ఐదో వంతు దగ్గర ఒకటి, ఐదింట నాలుగో వంతు దగ్గర మరొకటి నిలపండి. హ్యాండిల్ కొసలను ఆ గైడ్ల మీదికి తెస్తే చాలు.

సీసా సగమంతా, అంటే 180 డిగ్రీలూ లేబుల్ పరచుకుని ఉంటే ఒక్క ప్యాచ్‌తో పని జరగదు. మధ్యలో ఒక నిలువు విభజన చేసి రెండు ప్యాచ్‌లుగా చేసుకోవాలి. అప్పుడు మధ్య గీత దగ్గరి హ్యాండిల్ సగం వెడల్పులో 0.52 దూరం, అంటే సగానికి కొంచెం పైన ఉండాలి. సీసా అంచు దగ్గరి హ్యాండిల్ కొసను పక్కవైపు దూరం ఏమీ లేకుండా మూల ఉన్న నిలువు గీత మీదికే తేవాలి. అంచు దగ్గర కాగితం మననుంచి వెనక్కి తిరిగిపోతుంది కాబట్టి అక్కడ పక్కవైపు వేగం సున్నా కావడం సహజమే.

సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటి చెబుతాను. లేబుల్ పొరను మొదట స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (అసలు చిత్రాన్ని చెడకుండా లోపల దాచుకునే పొరగా) మార్చి, దాని లోపల అసలు డిజైన్‌కు బదులు తాత్కాలికంగా సున్నల వరుసలు పెట్టండి. మన అక్షరాల మధ్య రాసే గుండ్రటి సున్నలే, ఒకే పరిమాణంలో, ఎడమ కొస నుంచి కుడి కొస దాకా, పైన ఒక వరుస, మధ్యలో ఒకటి, కింద ఒకటి. వార్ప్ చేశాక మధ్యలో ఉన్న సున్న గుండ్రంగానే ఉండాలి. 45 డిగ్రీల దగ్గర దాని వెడల్పు ఎత్తులో 0.71 వంతుకు తగ్గాలి, 60 డిగ్రీల కొసలో సగానికి సగం కావాలి. ఎత్తు మాత్రం ఎక్కడా తగ్గకూడదు. కొసన ఉన్న సున్న కూడా మధ్య దానిలాగే గుండ్రంగా ఉంటే హ్యాండిళ్లు ఇంకా పొడవుగా ఉన్నాయని అర్థం. వరుస మధ్యలో ఎక్కడైనా ఒక సున్న పక్కవాటికంటే హఠాత్తుగా సన్నబడితే అక్కడ రెండు ప్యాచ్‌ల అతుకు తప్పిందని అర్థం. గళ్ల బోర్డు నమూనాతో కూడా ఇదే చూడవచ్చు గానీ, గుండ్రటి ఆకారంలో తేడాను కన్ను చదరంలో కంటే త్వరగా పసిగడుతుంది. పరీక్ష అయ్యాక స్మార్ట్ ఆబ్జెక్ట్ లోపలికి వెళ్లి అసలు డిజైన్ పెట్టి సేవ్ చేస్తే, వంపు ఉన్నదున్నట్టు దానికి వర్తిస్తుంది.

ఇప్పుడు పైకీ కిందికీ ఉండే వంపు. కెమెరా సీసాకంటే కొంచెం ఎత్తులో ఉండి కిందికి చూస్తున్నప్పుడు సీసా చుట్టూ గీసిన ప్రతి వృత్తమూ దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. దాని ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి కెమెరా వంగిన కోణపు సైన్‌కు సమానం: 10 డిగ్రీలకు 0.17, 20 డిగ్రీలకు 0.34. కోణం మీకు తెలియనక్కర లేదు. ఫొటోలో మూత అంచునో సీసా అడుగునో చూసి, దీర్ఘవృత్తం ఎత్తునూ వెడల్పునూ కొలిస్తే నిష్పత్తి అదే వస్తుంది. సీసా వెడల్పు ఫొటోలో 800 పిక్సెళ్లు, నిష్పత్తి 10 డిగ్రీలది (కచ్చితంగా 0.1736) అనుకుంటే, వ్యాసార్ధం 400, దీర్ఘవృత్తం సగం ఎత్తు సుమారు 69 పిక్సెళ్లు. 120 డిగ్రీల లేబుల్ వెడల్పు 693 పిక్సెళ్లు అవుతుంది, దాని మధ్య భాగం కొసలకంటే 35 పిక్సెళ్లు కిందికి దిగాలి.

అయితే హ్యాండిళ్లను 35 పిక్సెళ్లు దించితే గీత 35 పిక్సెళ్లు దిగదు. రెండు హ్యాండిళ్లనూ ఒకే కొలతలో దించినప్పుడు గీత మధ్య బిందువు ఆ కొలతలో ముప్పావు వంతు మాత్రమే దిగుతుంది. కాబట్టి కావలసిన దింపుకు మూడో వంతు కలిపి, ఇక్కడ సుమారు 46 పిక్సెళ్లు, హ్యాండిళ్లను దించాలి. ఈ ముప్పావు లెక్క తెలియకపోతే, గీత ఫొటోలోని అంచును అందుకోవడం లేదని మధ్యలో ఇంకో పాయింటు పెట్టి దాన్ని లాగాలనిపిస్తుంది. అక్కడినుంచే గతుకులు మొదలవుతాయి. పై లెక్క ప్రకారం మీ హ్యాండిల్ కొస మూల నుంచి అడ్డంగా 139 పిక్సెళ్లు లోపలికి, 46 పిక్సెళ్లు కిందికి ఉంటుంది.

పై అంచుకూ కింది అంచుకూ ఒకే దింపు పెట్టకండి. కంటి మట్టానికి దగ్గరగా ఉన్న వృత్తాలు చదునుగా, కిందికి పోయే కొద్దీ గుండ్రంగా కనిపిస్తాయి. కంటి మట్టం లేబుల్ మధ్యగా పోతుంటే పై అంచు పైకి ఉబ్బి, కింది అంచు కిందికి దిగుతుంది. మూతనూ అడుగునూ విడివిడిగా కొలిచి, లేబుల్ అంచులు వాటి మధ్య ఏ ఎత్తులో ఉన్నాయో చూసి దింపును పంచుకోవడం నమ్మకమైన దారి.

ఎడమ, కుడి అంచుల సంగతి ఇందుకు పూర్తిగా వేరు. స్తూపం మీద నిలువు గీతలు ఎప్పుడూ తిన్నగానే ఉంటాయి కాబట్టి ఆ అంచుల హ్యాండిళ్లు అంచు గీత మీదే, మూడో వంతు దూరాల్లోనే ఉండాలి. వాటిని పొరపాటున పక్కకు కదిపితే సీసా కాస్తా కుండలా కనిపిస్తుంది. కెమెరా వంగి ఉండడం వల్ల సీసా కిందికి సన్నబడుతూ కనిపిస్తే దాన్ని మూలలతో సరిచేయాలి. అందుకు వార్ప్‌కు ముందే ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్‌లో కంట్రోల్ మీట నొక్కి మూలలను లాగి కూర్చోబెట్టండి.

మిగిలినవి లోపలి నాలుగు పాయింట్లు. చాలా మంది పని చెడేది ఇక్కడే. ప్యాచ్ నడిమి ఎత్తులో ఉన్న ఒక అడ్డగీతను తీసుకుంటే, దాని ఆకారంలో పై అంచుకు ఎనిమిదో వంతు, కింది అంచుకు ఎనిమిదో వంతు ప్రభావమే ఉంటుంది. తక్కిన ముప్పావూ లోపలి రెండు వరుసలది. అంచుల హ్యాండిళ్లను ఐదో వంతుకు తెచ్చి లోపలి పాయింట్లను మూడో వంతు దగ్గరే వదిలేస్తే, నడిమి ఎత్తులో హ్యాండిల్ 0.3 దగ్గర ఉన్నట్టే లెక్క. పైన, కింద అక్షరాలు సరిగ్గా ఇరుకుతాయి, మధ్యలో అవి దాదాపు చదునుగా ఉంటాయి, నిలువు గీతలు నడుము దగ్గర లోపలికి, మధ్యవైపు వంగుతాయి. ఫోటోషాప్ ఈ నాలుగింటినీ చుక్కలుగా చూపించదు గానీ, గడి లోపల పట్టుకుని లాగితే అవి కదులుతాయి. మధ్య వరుసలోని సున్నలను చూస్తూ, ఎడమ సగాన్ని ఎడమ కొసవైపు, కుడి సగాన్ని కుడి కొసవైపు నెమ్మదిగా జరపండి. పై కింది వరుసల సున్నలతో అవి నిలువుగా ఒకే గీతలోకి వచ్చినప్పుడు ఆపండి.

కొన్ని సాధనాల్లో ఈ లోపలి పాయింట్లు అసలు ఉండవు. వీడియో సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని బెజియర్ వార్ప్‌లో నాలుగు మూలలు, ఎనిమిది హ్యాండిళ్లు కలిపి 12 పాయింట్లే ఉంటాయి. లోపలి భాగాన్ని అంచుల ఆధారంగా అదే నింపుకుంటుంది.  సీసా లాంటి క్రమమైన ఆకారానికి 12 పాయింట్లది నిజానికి హాయిగా ఉంటుంది, ఎందుకంటే లోపలి భాగం అంచుల వెంటే వస్తుంది. లోపల ఎక్కడో ఉబ్బు, నొక్కు చూపించవలసి వస్తే మాత్రం 16 ఉన్నదే కావాలి.

ఇప్పుడు మీ 5×5 మెష్ సంగతి చూద్దాం. ఒక్కో వైపు ఐదు ప్యాచ్‌లను అతికిస్తే మొత్తం కంట్రోల్ పాయింట్లు 16×16, అంటే 256. పదహారింటితో జరిగే పనికి అన్నింటిని చేత్తో సర్దడం ఎవరి తరమూ కాదు. ప్రతి అతుకు దగ్గరా రెండు షరతులు తీరాలి. మొదటిది, అతుకు పాయింటుకు అటూ ఇటూ ఉన్న రెండు హ్యాండిళ్లూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. లేకపోతే గీత అక్కడ విరుగుతుంది. మీకు కనిపించిన విరుపులు ఇవే. రెండోది, ప్యాచ్‌ల వెడల్పు అసలు చిత్రంలో సమానమైనప్పుడు ఆ రెండు హ్యాండిళ్ల పొడవు కూడా సమానంగా ఉండాలి. దిశ కలిసి పొడవు కలవకపోతే గీత నునుపుగానే సాగుతుంది గానీ, దాని మీది అక్షరాలు అతుకుకు ఇటువైపు ఒత్తుగా, అటువైపు పలచగా కనిపిస్తాయి. దీన్ని చూసేవారు ఏదో తేడాగా ఉందని మాత్రం అంటారు, ఏమిటో చెప్పలేరు. పైగా ఈ రెండు షరతులూ పాయింటు దగ్గర తీరితే చాలదు, అతుకు పొడవునా తీరాలి. అందుకోసం అతుకుకు ఇరువైపులా ఉన్న లోపలి పాయింట్లు కూడా ఇలాగే జతగా కదలాలి. అతుకు మీది ఒక పాయింటును లాగేటప్పుడు దాని చుట్టూ ఉన్నవన్నీ కలిసి వస్తున్నాయో లేదో గమనించడం అవసరం.

అలాగని విభజన చేయకూడదని కాదు. ఆకారం స్వభావమే మారే చోట, ఉదాహరణకు తిన్నటి సీసా ఒళ్లు ముగిసి భుజం వంపు మొదలయ్యే చోట, ఒక అడ్డ విభజన తప్పనిసరి. అయితే ముందు ఒకే ప్యాచ్‌తో వీలైనంత దూరం వెళ్లి, ఆ తర్వాత విభజించండి. బెజియర్ వక్రాన్ని ఎక్కడ విడగొట్టినా దాని ఆకారం మారదు. కాస్తెల్జో పద్ధతిలో పాయింట్ల మధ్య మధ్య బిందువులు తీసుకుంటూ పోతే, రెండు ముక్కలకూ కావలసిన కొత్త హ్యాండిళ్లు సరైన దిశలో, సరైన పొడవుతో వాటంతట అవే వస్తాయి. కాబట్టి ఆలస్యంగా చేసిన విభజనకు నునుపు ఉచితంగా దక్కుతుంది, మొదటే చేసిన విభజనకు దాన్ని మీరు చేత్తో సంపాదించాలి. ఫోటోషాప్‌లో 2020 వెర్షన్ నుంచి అడ్డంగా, నిలువుగా, రెండు వైపులా విభజించే బటన్లు పై పట్టీలో ఉన్నాయి. కావలసిన చోట కావలసిన ఒక్క గీతే వేసుకోవచ్చు. సిద్ధంగా ఉన్న 3×3, 4×4, 5×5 మెష్‌లు సమాన దూరాల్లో కోస్తాయి. వస్తువు వంపు సమాన దూరాల్లో మారదు గనుక వాటితో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

మరో రెండు జాగ్రత్తలు. తిన్నని అంచు మీద ఎదురెదురు హ్యాండిళ్లు రెండూ అంచు పొడవును దాటిపోతే గీత మధ్యలో వెనక్కి తిరిగి బొమ్మ తన మీద తాను మడత పడుతుంది. కనిపించేది చిన్న నల్లటి మరకలా ఉంటుంది గనుక దాన్ని ఫొటో లోపం అనుకునే ప్రమాదం ఉంది. రెండోది రిజల్యూషన్. ఒక భాగం రెండు దిశల్లోనూ రెట్టింపు సాగితే ఒక పిక్సెల్‌లోని సమాచారం నాలుగు పిక్సెళ్లకు పంచాల్సి వస్తుంది. అసలు డిజైన్ కనీసం రెట్టింపు పరిమాణంలో ఉంటే ఈ బాధ ఉండదు. స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయకుండా వార్ప్ చేసి, ఎంటర్ నొక్కి, మళ్లీ తెరిచి సరిదిద్దితే ప్రతిసారీ చిత్రం కొత్తగా లెక్కించబడి మసకబారుతుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే ఎన్నిసార్లు సరిదిద్దినా మూలం నుంచే లెక్కిస్తుంది.

సీసాకు బదులు కుండ, జాడీ లాంటి రెండు దిశల్లోనూ వంగిన వస్తువైతే ఇంకో చిక్కు ఉంది. చదునైన కాగితాన్ని గోళం మీద సాగదీయకుండా, ముడత పడకుండా పరచలేమని గణితవేత్త గౌస్ 1827లో నిరూపించాడు. కాబట్టి అక్కడ మీ వార్ప్ ఎంత బాగున్నా బొమ్మ ఎక్కడో సాగక తప్పదు. ఆ సాగుడును లేబుల్‌లో ఏమీ లేని అంచు ప్రాంతాలకు నెట్టి, పేరు ఉన్న మధ్య భాగాన్ని కాపాడడమే చేయగలిగినది. అటువంటి వస్తువులకు పక్క అంచుల హ్యాండిళ్లను కూడా వంచాలి, లోపలి పాయింట్లను ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

మీ ప్రశ్న చివర చీరల కేటలాగ్ పని కూడా చేస్తున్నానన్నారు కాబట్టి బట్ట గురించి కొంత. కుచ్చిళ్ల మీద డిజైన్ పరచడానికి మొత్తం చీర మీద ఒకే మెష్ వేయడం పొరపాటు. ఒక కుచ్చు వెనక దాగిన బట్ట ఫొటోలో లేదు, కానీ డిజైన్‌లో ఉంది. ఒకే నునుపైన ఉపరితలం ఆ దాగిన భాగాన్ని దాటలేదు, కాబట్టి పోచంపల్లి ఇక్కత్ గళ్లు ఒక కుచ్చు నుంచి పక్క కుచ్చుకు తెగకుండా ప్రవహించి అసహజంగా కనిపిస్తాయి. ఒక్కో కుచ్చుకు ఒక్కో పొర పెట్టి, దేనికి దానికి ఒకే ప్యాచ్‌తో వార్ప్ చేసి, మాస్క్‌తో (పొరలో అక్కర్లేని భాగాన్ని దాచే సాధనంతో) అంచు కత్తిరించండి. పక్క కుచ్చులో డిజైన్‌ను దాగిన వెడల్పు మేరకు జరిపి మొదలుపెట్టండి. కుచ్చు కూడా దాదాపు స్తూపమే గనుక పైన చెప్పిన ఐదో వంతు లెక్క దానికీ పనికొస్తుంది. చిన్న చిన్న ముడతలకు కంట్రోల్ పాయింట్లు వాడకండి. వాటికి డిస్‌ప్లేస్ ఫిల్టర్ ఉంది: బట్ట ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, కొంచెం మసకచేసి, పీఎస్‌డీగా సేవ్ చేసి మ్యాప్‌గా ఇస్తే, 128 విలువ ఉన్న బూడిద రంగు దగ్గర బొమ్మ కదలదు, అంతకంటే ముదురు, లేత చోట్ల వ్యతిరేక దిశల్లో జరుగుతుంది. పెద్ద ఆకారం వార్ప్‌కు, చిన్న గతుకు మ్యాప్‌కు అని పంచుకుంటే రెండూ తేలికవుతాయి.

ఫోటోషాప్ లేనివారు క్రిటాలోని ట్రాన్స్‌ఫార్మ్ సాధనంలో మెష్ పద్ధతిని వాడవచ్చు. అక్కడ కూడా ఇవే హ్యాండిళ్లు, ఇదే లెక్క. గింప్‌లోని కేజ్, వార్ప్ సాధనాలు వేరే పద్ధతిలో పనిచేస్తాయి, వాటితో సీసా వంపును కొలతకు తేవడం కష్టం. 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లోని లాటిస్‌లో (వస్తువు చుట్టూ ఉండే పాయింట్ల పంజరంలో) కూడా పాయింట్లే వస్తువును వంచుతాయి గానీ వాటికి హ్యాండిళ్లు ఉండవు. అందులో బీ స్ప్లైన్ అనే మరో రకం వక్రం ఎంచుకుంటే ఉపరితలం ఏ పాయింటునూ తాకకుండా దగ్గరగా పోతుంది, అతుకుల నునుపు మాత్రం దానంతట అదే నిలబడుతుంది.

చివరగా తెలుగు అక్షరాల విషయం, మీ లేబుల్ మీద పేరు తెలుగులో ఉంది కాబట్టి. వత్తులు విడిపోయి కనిపిస్తే అది వార్ప్ తప్పు కాదు. ఫోటోషాప్‌లో దక్షిణాసియా భాషలకు తగిన టెక్స్ట్ సెట్టింగ్ ఎంచుకుని, అక్షరాలు సరిగా కూర్చున్నాకే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయండి. 60 డిగ్రీల కొసలో వెడల్పు సగమవుతుంది గనుక సన్నని తలకట్లు, వత్తుల తోకలు అక్కడ కలిసిపోతాయి. కాబట్టి ఉత్పత్తి పేరును మధ్య నుంచి ఇరువైపులా 45 డిగ్రీల లోపే ఉంచేలా డిజైన్ దశలోనే చూసుకోండి. 120 డిగ్రీల లేబుల్ కాగితంలో ఆ భాగం ముప్పావు వంతే అయినా, ఫొటోలో కనిపించే లేబుల్ వెడల్పులో దానికి దాదాపు 82 శాతం చోటు దక్కుతుంది.